ఎవరికి నేర్పాం ఇంటిపని?

ముప్ఫై మూడేళ్ల వయసులో నేను దోసెలపిండి వేయడం నేర్చుకున్నాను. అప్పటికి డాక్టరేటు వచ్చి నాలుగేళ్లు, కొడుకు పుట్టి ఐదేళ్లు. నా పరిశోధన తెలుగులో వచ్చిన స్త్రీల పత్రికల మీద. హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ, వేటపాలెం సారస్వత నికేతనంలోనూ పాత సంచికలు తిరగేస్తూ నెలలు గడిపాను. కథలు, వ్యాసాలు, లేఖలు, సంపాదకీయాలు అన్నీ రాసుకున్నాను. వంటలు, కుట్లు అల్లికలు, గృహవైద్యం, ఇల్లు సర్దుకునే పద్ధతులు వచ్చిన పేజీలు మాత్రం చకచకా తిప్పేశాను. అవి స్త్రీలను ఇంటికి కట్టిపడేసే భావజాలానికి ఉదాహరణలని సిద్ధాంత గ్రంథంలో ఒకే ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ వాక్యం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ అది చదవకుండా రాసిన వాక్యం.

మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. "ఇదంతా ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే, నువ్వెళ్లి చదువుకో" అనేది. అది ప్రేమ మాత్రమే కాదు, ఆమె రాజకీయం కూడా. తన బతుకు ఏ గదిలో తెల్లారిందో ఆ గదిలోకి కూతురు అడుగుపెట్టకూడదని ఆమె పట్టుదల. ఆ పట్టుదల ఫలితమే నేను. తీరా నా ఇల్లూ, నా పిల్లాడూ, నా ఉద్యోగమూ ఒకేసారి మీదపడ్డాక, మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురి పురిటికని ఊరెళ్లి ఆర్నెల్లు రానప్పుడు, పప్పులో ఉప్పెంత వేయాలో తెలియక నిలబడిపోయాను. అప్పుడు నాకు గుర్తొచ్చినవి నేను తిప్పేసిన ఆ పేజీలే. పిల్లాడు నిద్రపోయాక, పాత ఫోటోకాపీల కట్ట విప్పి, ఈసారి వాటిని చదివాను. ఈ వ్యాసం ఆ రెండో చదువులోంచి వచ్చింది.

పూచీకత్తు

తెలుగులో స్త్రీల కోసం పత్రిక అనగానే మనం కందుకూరి వీరేశలింగం 1883లో మొదలుపెట్టిన 'సతీహితబోధిని'తో లెక్క ప్రారంభిస్తాం. అదే వీరేశలింగం 'సత్యవతీ చరిత్రము', 'పత్నీహితసూచని', 'దేహారోగ్య ధర్మబోధిని' రాశారు. ఈ పేర్లు చూస్తేనే ఆనాటి స్త్రీవిద్య ఎటు నడిచిందో తెలుస్తుంది. సతికి హితం, పత్నికి హితం, ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం. చదువు అనే మాటకు ఇల్లు అనే మాట తోడు లేకుండా బయటికి వచ్చే ధైర్యం ఇంకా లేదు.

ఎందుకు లేదో ఆలోచించాలి. ఆడపిల్లను బడికి పంపితే ఇంటిపని చేయదు, పెద్దల మాట వినదు, మొగుణ్ణి లెక్కచేయదు అన్నది ఆనాటి వ్యతిరేకుల వాదన. దానికి సంస్కర్తలు రెండు జవాబుల్లో ఏదైనా ఇవ్వొచ్చు. ఒకటి: చేయకపోతే ఏం, ఇంట్లో మిగతావాళ్లకు చేతుల్లేవా? రెండోది: అలా ఏమీ జరగదు, చదువుకున్న ఆడది ఇంటిపని ఇంకా బాగా చేస్తుంది, పద్దులు రాస్తుంది, పిల్లల్ని శుభ్రంగా పెంచుతుంది, దుబారా తగ్గిస్తుంది. వాళ్లు రెండోదే ఎంచుకున్నారు. ఆనాటి పరిస్థితుల్లో మొదటిది అనడం సాధ్యం కాకపోవచ్చు, అంటే ఒక్క బడి కూడా తెరుచుకునేది కాదేమో. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ జరిగింది మాత్రం ఇది: ఆడపిల్ల చదువుకి ఇంటిపనిని పూచీకత్తుగా రాసిచ్చారు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది మగవాళ్లు. తీర్చవలసింది ఆడవాళ్లు.

1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య 'హిందూసుందరి' ప్రారంభించినప్పుడు ఆ పత్రిక సంపాదకత్వం స్త్రీల చేతికి వచ్చింది. భండారు అచ్చమాంబ కథలు అందులోనే వచ్చాయి. ఆమె 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు పక్కనే కూర్చుని తన చదువు తాను సంపాదించుకున్న మనిషి. స్త్రీల బుద్ధి పురుషుల బుద్ధికి తీసిపోదని చెప్పడానికి దేశదేశాల స్త్రీల జీవితాలు పోగుచేశారు. 1905లో, నిండా ముప్ఫై ఒకటి రాకుండానే పోయారు. అచ్చమాంబ లాంటివాళ్లు స్త్రీకి బుద్ధి ఉందని నిరూపించే పనిలో ఉన్నారు. ఆ బుద్ధి దేనికి ఖర్చు కావాలన్న ప్రశ్న మాత్రం అప్పటికే పూచీకత్తులో తేలిపోయి ఉంది.

ఇక్కడొక మార్పును గమనించాలి. అంతవరకు ఇంటిపని ఎవరూ 'నేర్పేది' కాదు. అమ్మ, అమ్మమ్మ, అత్త, తోడికోడలు, పక్కింటి పిన్ని చేస్తుంటే చూస్తూ, తిట్లు తింటూ చేతికి వచ్చేది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అన్న కొలతలు కూడా పాత్రలోనే ఉండేవి, పుస్తకంలో కాదు. అచ్చులోకి ఎక్కగానే ఇంటిపని ఒక శాస్త్రమైంది. శాస్త్రమయ్యాక దానికి ఒప్పూ తప్పూ వచ్చాయి. అత్తగారు వెళ్లిపోయి ఆ స్థానంలోకి అచ్చు వచ్చింది. అత్తగారితో కనీసం వాదించొచ్చు.

గృహలక్ష్మికి లోధ్ర

1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' మాసపత్రిక తెచ్చారు. కేసరి కుటీరం ఆయుర్వేద మందులు, ముఖ్యంగా స్త్రీల రుగ్మతలకు అమ్మిన 'లోధ్ర', తెలుగునాట ఇంటింటికీ తెలిసిన పేర్లు. ఒకే ఇంటి నుంచి ఆదర్శ గృహిణి కోసం పత్రికా, ఆ గృహిణి ఒంటి నొప్పులకు మందూ రావడం నాకు మొదటి చదువులో తమాషాగా తోచింది. రెండో చదువులో తమాషాగా లేదు. గృహలక్ష్మిగా ఉండటం ఒంటిని ఏం చేస్తుందో ఆ రెండింటినీ కలిపి చూస్తేగాని తెలియదు.

అయినా ఆ పత్రికను ఆదర్శ గృహిణుల కార్ఖానా అని తీసిపారేయలేం. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వచ్చింది అందులోనే. స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఆవిడ ఇంటి విషయాలూ, దేశ విషయాలూ ఒకే గొంతుతో మాట్లాడారు. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నదీ ఆవిడే. జాతీయోద్యమం రాట్నాన్ని ఇంట్లోంచి వీధిలోకి తెచ్చిన కాలం అది. నూలు వడకడం ఇంటిపనా, రాజకీయమా? ఆ పదేళ్లలో ఆ గీత చెరిగిపోయింది. ఇంటి నైపుణ్యానికి బయటి అర్థం ఒకటి ఇవ్వొచ్చని ఆ తరం చూపించింది. ఉద్యమం చల్లారాక రాట్నం అటకెక్కింది, వంటిల్లు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అరవై ఏళ్ల తర్వాత తెలుగు కథలో ఇంకో శారద వచ్చింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే...' కథలో ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, సర్ది సర్ది తన పేరేమిటో మరిచిపోయిన ఇల్లాలు ఆమె. ఎవరినడిగినా ఎవరికీ తెలియదు. చివరికి స్నేహితురాలు పేరుపెట్టి పిలిస్తే ఆమెకు తన పేరు దొరుకుతుంది. ఇద్దరు రచయిత్రులూ ఒకే పేరు ఎంచుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఒక శారద స్నేహితురాలికి ఉత్తరాలు రాయడానికీ, ఇంకో శారద స్నేహితురాలి నోట తన పేరు వినడానికీ మధ్య ఏం జరిగింది? ఇంటిపని పాఠాలు బడిలోకి వచ్చాయి, కాలేజీల్లోకి వచ్చాయి, విశ్వవిద్యాలయాల్లోకి వచ్చాయి.

బడిలో వంటిల్లు

అఖిల భారత మహిళా మహాసభ చొరవతో 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ గృహవిజ్ఞానం కోసం ఏర్పడింది. స్వాతంత్ర్యం తర్వాత బరోడా విశ్వవిద్యాలయంలో హంసా మెహతా ఉపకులపతిగా ఉన్న రోజుల్లో గృహవిజ్ఞానం ప్రత్యేక శాఖ అయింది. మన దగ్గర 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం, పశువైద్యాలతో పాటు గృహవిజ్ఞానం కూడా ఒక విభాగంగా నిలిచింది. పొలం మగవాడి శాస్త్రం, ఇల్లు ఆడదాని శాస్త్రం అన్నట్టు. మన పల్లెల్లో నాట్లు వేసేది ఎవరో, కలుపు తీసేది ఎవరో ఎరిగిన వాళ్లెవరూ ఆ విభజనను నమ్మరు. ఇటీవల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఆ కోర్సు పేరును 'కమ్యూనిటీ సైన్స్' అని మార్చుకున్నాయి.

అలాగని గృహవిజ్ఞానం చదివిన స్త్రీలను మనం చిన్నచూపు చూడనక్కర్లేదు. పోషకాహారం, శిశువికాసం, జౌళి పరిజ్ఞానం చదివి ఉద్యోగాల్లోకి వెళ్లిన తరం ఒకటుంది. చాలామంది తల్లిదండ్రులు కూతుర్ని కాలేజీకి పంపడానికి ఒప్పుకున్నది ఆ కోర్సు పేరు చూసే. పూచీకత్తు మళ్లీ పనిచేసింది, మళ్లీ తలుపులు తెరిచింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ దారి కొంచెం వేరు. ఎనిమిదేళ్లకే పెళ్లయి, ఊహ తెలిశాక ఆ పెళ్లిలోంచి బయటికి వచ్చి, పన్నెండు పదమూడేళ్ల వయసులో కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపిన ఆవిడ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించారు. అక్కడ కుట్టుపని, చేతిపనులు ఉన్నాయి, పక్కనే మెట్రిక్యులేషన్‌కు కూర్చోబెట్టే క్లాసులూ ఉన్నాయి. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధం చేసే ఆ పద్ధతే తర్వాత 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పథకమై దేశమంతా వెళ్లింది. ఆవిడ దగ్గర కుట్టు అంటే ఇంట్లోవాళ్ల బట్టలు కుట్టడం కాదు, కూలి గిట్టేలా కుట్టడం. నైపుణ్యం అదే, కానీ అది ఎవరి చేతికి డబ్బు తెస్తుందన్నదే ఆవిడ వేసిన ప్రశ్న.

ఆ తర్వాత జరిగినదాన్ని మన చర్చల్లో చాలా తక్కువగా తలుచుకుంటాం. జాతీయ స్త్రీవిద్యా మండలి, దాని మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే, హంసా మెహతా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆడపిల్లలకు వేరే పాఠాలు, మగపిల్లలకు వేరే పాఠాలు ఉండాలా అన్నది దాని ముందున్న ప్రశ్న. బడిలో ఆ తేడా పనికిరాదని 1964లో కమిటీ చెప్పింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ దాన్ని సమర్థిస్తూ, గృహవిజ్ఞానాన్ని ఆడపిల్లలకు తప్పనిసరి చేయకూడదంది. గృహవిజ్ఞానాన్ని విశ్వవిద్యాలయానికి ఎక్కించినవాళ్లలో ఒకరైన హంసా మెహతాయే అది ఆడపిల్లల నెత్తిన మాత్రమే ఉండకూడదన్నారు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 'మగవాళ్లందరూ' అనే అర్థం కూడా వచ్చే ఇంగ్లీషు మాటను 'మనుషులందరూ' అని మార్పించిన ఆవిడ నుంచి ఇంతకన్నా తక్కువ ఆశించం.

కానీ సమానత్వానికి రెండు దారులున్నాయి. మగపిల్లలకు కూడా ఇంటిపని నేర్పడం ఒకటి. ఆడపిల్లలకు నేర్పడం మానేయడం ఇంకొకటి. మన బడులు సులువైన రెండోదాన్ని పట్టుకున్నాయి. అదీ సగమే. మా బడిలో వారానికొక పనిఅనుభవం పీరియడ్ ఉండేది. మాకు చేతిరుమాలు మీద గొలుసుకుట్టు, మగపిల్లలకు తోటపని. పరీక్షలు దగ్గరపడగానే ఇద్దరికీ అది లెక్కల పీరియడ్ అయ్యేది. అలా ఇంటిపని రాని అమ్మాయిలూ, ఇంటిపని రాని అబ్బాయిలూ తయారయ్యారు. పని మాత్రం ఎక్కడికీ పోలేదు. పెళ్లయిన మర్నాడు అది ఇద్దరిలో ఒకరినే వెతుక్కుంటూ వచ్చింది.

అడగడానికి ఎవరూ లేనప్పుడు

మాలతీ చందూర్ 'ఆంధ్రప్రభ' వారపత్రికలో 1952లో మొదలుపెట్టిన 'ప్రమదావనం' నాలుగు దశాబ్దాలకు పైగా సాగింది. పాఠకురాళ్లు అడుగుతారు, ఆవిడ చెబుతారు. వంట, కుట్టు, ఆరోగ్యం, చదువు, పెళ్లి, మొగుడు, అత్తగారు. ఆవిడ 'వంటలు-పిండివంటలు' ఎన్ని ముద్రణలు పొందిందో, ఎందరు కొత్త పెళ్లికూతుళ్ల పెట్టెల్లో ఊళ్లు దాటిందో మనందరికీ అనుభవమే. అమెరికా వెళుతూ మా పిన్ని పట్టుచీరల మధ్య పెట్టుకుంది ఆ పుస్తకాన్నే.

నా సిద్ధాంత గ్రంథంలో మాలతీ చందూర్ ఉన్నారు. నవలా రచయిత్రిగా, 1992లో 'హృదయనేత్రి'కి సాహిత్య అకాడమీ పురస్కారం పొందినావిడగా, 'పాత కెరటాలు'లో ప్రపంచ నవలల్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చినావిడగా. ప్రమదావనం ఒక పాదసూచికలో ఉంది. రెండోసారి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది జవాబులు కాదు, ప్రశ్నలు. ఇంత చిన్న విషయం పత్రికకు ఉత్తరం రాసి అడగాలా అనిపించే ప్రశ్నలు. పోస్టులో వేసి, వారాల తరబడి జవాబు కోసం ఎదురుచూడాల్సిన ప్రశ్నలు. పక్కన అడగడానికి మనిషి ఉంటే ఎవరైనా అలా రాస్తారా?

ఆ తరంలో చాలామంది కొత్త కాపురాలు ఉద్యోగం వెంట ఊరొదిలినవి. బదిలీల ఉద్యోగాలు, ఫ్యాక్టరీల క్వార్టర్లు, భిలాయి, బొంబాయి, ఢిల్లీ. ఇద్దరే మనుషులు, తర్వాత పిల్లలు. అత్తగారి అజమాయిషీ లేదు, అమ్మ చేయీ లేదు. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు ఆస్తి పంచుకున్నారు గాని పని పంచుకోలేదు. నలుగురు చేసేది ఒక్కతి నెత్తికొచ్చింది. ఆ ఒంటరితనంలోంచి వచ్చిన ఉత్తరాలవి. నేను భావజాలానికి ఉదాహరణ అన్న ఆ పేజీ, ఒకరినొకరు చూడని ఆడవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకున్న పేజీ కూడా. రెండూ నిజమే. మొదటిదే చూడటం నాకు సులువైంది, ఎందుకంటే అప్పటికి నాకు ఆ సాయం అవసరం రాలేదు.

మిషన్లు ఏం తగ్గించాయి?

ఇప్పుడు అన్నీ మిషన్లేగా, ఇంకా పనేమిటి అంటారు. అమెరికా ఇళ్ల చరిత్ర రాసిన రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో తన పుస్తకానికి 'అమ్మకు మరింత పని' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంట్లోకి వచ్చిన పరికరాలు ఎక్కువగా మగవాళ్లూ, పిల్లలూ, పనివాళ్లూ చేసే పనుల్ని తీసేశాయనీ, తల్లి పని పోకపోగా ప్రమాణాలు పెరిగాయనీ ఆమె వాదన. అది అక్కడి కథ. మన కథకు దోసెలపిండి చాలు.

మా అమ్మమ్మ ఇంట్లో పొద్దున పూట పిల్లలకు చద్దన్నమే. దోసెలు పండక్కో, అల్లుడొస్తేనో. రుబ్బురోలు ముందు గంటసేపు కూర్చోవాలి కాబట్టి రోజూ ఎవరూ అడిగేవారు కాదు. గ్రైండర్ వచ్చింది. గంట పని పావుగంటయింది, దాంతో పండగ టిఫిను రోజువారీ టిఫినయింది. పైగా గ్రైండర్ తగ్గించింది రుబ్బే చాకిరీనే. రేపు పొద్దున దోసె తినాలంటే ఇవాళ పొద్దున్నే బియ్యం, మినప్పప్పు నానబెట్టాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులియనివ్వాలి. చలికాలమైతే ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి. అంటే రేపటి ఆకలి ఇవాళ ఒక బుర్రలో ఉండాలి. ఆ గుర్తుపెట్టుకునే పనికి ఏ మిషనూ లేదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పొదుపు సంఘాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు వచ్చాయి, 2016లో ఉజ్జ్వల వచ్చింది. పొగ తగ్గడం చిన్న విషయం కాదు, ఆ కళ్లకూ ఊపిరితిత్తులకూ తెలుసు. కానీ కనెక్షన్ ఆడవాళ్ల పేర ఇవ్వడంలో పొయ్యి ఎవరిదో కూడా మరోసారి రాసిపెట్టారు.

ఈ రెండేళ్లలో నేను ఇంకో పని కూడా నేర్చుకున్నాను, కుళాయికి వాషర్ మార్చడం. పావుగంట పట్టింది. ఏడాది దాటినా అది కారలేదు, ఇంటికొచ్చినవాళ్లు మెచ్చుకుంటూనే ఉన్నారు. ఇళ్లలో మగవాళ్లకు దఖలుపడిన పనులు చూడండి: ఫ్యూజు, బల్బు, కుళాయి, సీలింగ్ ఫ్యాను. ఎప్పుడో ఒకసారి వస్తాయి, చేస్తే కనిపిస్తాయి, వాయిదా వేసినా కొంప మునగదు. ఆడవాళ్ల పనులు పూటకోసారి వస్తాయి, చేస్తే కనిపించవు, చేయకపోతేనే కనిపిస్తాయి. తేడా నైపుణ్యంలో లేదు, తిథుల్లో ఉంది.

ఎవరి ఇల్లు, ఎవరి చేతులు

ఇంతవరకు నేను 'ఇల్లు' అన్నదల్లా ఎవరి ఇల్లు? స్త్రీల పత్రికల ఇల్లు ఎక్కువగా చదువుకున్న అగ్రవర్ణ మధ్యతరగతి ఇల్లు. అందులో ఇల్లాలికి పద్దులు రాయడం నేర్పారు గాని, అంట్లు తోమేదెవరో, దొడ్డి ఊడ్చేదెవరో పాఠంలో లేదు. గోగు శ్యామల 2003లో తెచ్చిన 'నల్లపొద్దు', జాజుల గౌరి 2004 నాటి 'మన్నుబువ్వ' చదివితే నాలుగు గోడల వంటింటి నుంచి బయలుదేరిన మన స్త్రీవాదం ఎంత ఇరుకు గుమ్మంలోంచి లోకాన్ని చూసిందో తెలుస్తుంది. విమల 'వంటిల్లు' కవిత ఒక తరానికి గొంతునిచ్చింది, నాకూ ఇచ్చింది. కానీ ఇంకొకరి వంటింట్లో పనిచేసి, రాత్రికి తన పొయ్యి వెలిగించుకునే స్త్రీకి వంటిళ్లు రెండు.

అమ్మ నన్ను చదువుకోమని పంపినప్పుడు నా వాటా పని ఎవరు చేశారు? సగం అమ్మ చేసింది. సగం మా ఇంట్లో పనిచేసే ఆమె చేసింది. ఆమె కూతురు నా ఈడుదే, పదోతరగతి మధ్యలో మానేసి తల్లి వెంట పనికొచ్చేది. నా డాక్టరేటు పూచీకత్తు వాళ్ల పేర కూడా రాసి ఉందని తెలుసుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. ఇళ్లలో పనిచేసేవాళ్లను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కనీస వేతనాల జాబితాలోకి తెచ్చింది 2007లో. ఇంటి పనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం తెస్తే మన దేశం అనుకూలంగా ఓటు వేసింది, ఆమోదముద్ర మాత్రం వేయలేదు. ఆర్నెల్ల తర్వాత మా ఇంటికి తిరిగొచ్చిన ఆమె నా వంట చూసి, "పర్లేదమ్మా, నేర్చుకున్నావు" అంది. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతుందో, ఎత్తిపొడుపు ఎంతుందో నేను తేల్చుకోలేదు.

299, 97

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసేవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. ఆ పని చేసేవాళ్లు రోజుకు వెచ్చించే సమయం ఆడవాళ్లకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97. ఒక రోడ్డు ప్రమాద కేసులో ఇల్లాలి పనికి విలువ కట్టే సందర్భంలో 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఈ అంకెల్నే ఉదహరించింది. విడిగా తన అభిప్రాయం రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ ఇల్లాలి శ్రమకు ఆదాయం లెక్కకట్టడం ఆ శ్రమకు గుర్తింపేనన్నారు. మంచి మాటే. కానీ ఆ గుర్తింపు ఆమె చనిపోయాక, నష్టపరిహారం లెక్కలో వచ్చింది.

2024లో మళ్లీ సర్వే చేశారు. ఆడవాళ్లు 289 నిమిషాలు, మగవాళ్లు 88. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి. ఆ పది నిమిషాలూ మగవాళ్లు అందుకున్నారేమోనని చూస్తే వాళ్లకూ తొమ్మిది తగ్గాయి.

అందుకే ఇంటిపని నేర్చుకోవడం గురించి నా ప్రశ్న మారింది. నేర్చుకోవాలా, వద్దా అన్నది కాదు. పప్పు ఉడికించడం, గుండీ కుట్టుకోవడం, జ్వరం వచ్చిన పిల్లాడికి ఒళ్లు తుడవడం మనిషన్నవాళ్లెవరైనా నేర్చుకోవలసినవే. నేర్చుకున్నాక నాకు వాటి మీద ఇష్టం కూడా కలిగింది. ఆవకాయకు ఆవపిండి కొలిచేటప్పుడు నా చేతిలోకి మా అమ్మమ్మ చెయ్యి వచ్చినట్టుంటుంది, దాన్ని నేను సిగ్గుపడి దాచుకోను. కష్టమంతా నైపుణ్యం దగ్గర లేదు. నూట నలభై ఏళ్లుగా ఒక్కరికే పాఠం చెప్పి, ఇద్దరి అన్నమూ ఆ ఒక్కరి చేతిలో పెట్టడం దగ్గర ఉంది. అమ్మ నన్ను పాఠం నుంచి తప్పించింది. పని నుంచి తప్పించడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ముగ్గురం పని చేస్తాం. అందరూ మెచ్చుకుంటారు, నా భర్త చేతి దోసె నాదానికన్నా పల్చగా వస్తుంది. కానీ నానబెట్టాలన్న సంగతి చాలాకాలం నేనే గుర్తుచేసేదాన్ని. శుక్రవారం ఆ పని నీదే, గుర్తుపెట్టుకోవడంతో సహా అని చెప్పాను. మొదటి రెండు వారాలూ మరిచిపోయాడు. శనివారం పొద్దున పిల్లాడు ఉప్మా తిన్నాడు, అలిగాడు. గిన్నె ఖాళీగా ఉండటం నేను ముందురోజు పొద్దున్నే చూశాను. నోటిదాకా వచ్చిన మాట మింగేసి కాలేజీకి వెళ్లిపోయాను. నేను నేర్చుకున్న ఇంటిపనులన్నింటిలో అదే కష్టమైనది. ఏ పత్రికలోనూ దాని పాఠం దొరకలేదు.

సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తెమ్మని అడుగుతున్నారు. తెస్తాను. ఆ ఒక్క వాక్యం ఉన్నచోట ఇప్పుడొక అధ్యాయం రాస్తున్నాను, పొద్దున నానబెట్టిన పప్పు సాయంత్రం రుబ్బడానికి వచ్చేలోపు దొరికే గంటల్లో.